కారని మిద్దె

అనగనగా అంటే ఎప్పుడని నన్నడగొద్దు. మా అవ్వను అడిగితే వాళ్లవ్వ కాలమంది. వాళ్లవ్వను అడిగేవాళ్లెవరూ మిగల్లేదు. ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉండే సీమలో, నల్లరేగడి చేల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఈరక్క అని ఒక మనిషి ఉండేది. ఊరి పేరు మరిచిపోయారు, ఈరక్క పేరు మరవలేదు. ఎందుకు మరవలేదో చెప్తాను, కూచోండి. పిల్లలు ముందుకు రండి. ఇది నవ్వే కథ కాదు, ముందే చెప్తున్నా.

ఆ ఊళ్లో ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే కర్రలు, వాటి మీద తంగేడు కట్టె పరిచి, పైన మట్టి పోసి తొక్కేవాళ్లు. ఆ మట్టి మీద చౌడు పోసేవాళ్లు. చౌడంటే ఉప్పు తేలిన తెల్లమట్టి. సేద్యానికి పనికిరాదు. కానీ మిద్దె మీద పోసి గట్టిగా తొక్కితే వాననీళ్లను ఇంట్లోకి దిగనివ్వదు. నీళ్లు వాలుగా పారి, గోడకు పెట్టిన రాతి దోనెలోంచి వీధిలో పడతాయి.

ఈరక్క పని చౌడు మోయడం. ఊరి బయట చౌడునేల ఉంది. మొగుడు లింగప్ప తవ్వేవాడు. ఈరక్క గంపకెత్తుకుని, నిచ్చెనలెక్కి, మిద్దెల మీద పోసి, తొక్కి చదును చేసేది. వాళ్లకొక కూతురు, చిన్నక్క. అప్పుడప్పుడే పరుగు నేర్చిన పిల్ల. తల్లి గంపెత్తుకుంటే చాలు, వెంటపడేది. కూలి కింద ఇన్ని జొన్నలు పెట్టేవాళ్లు, పండగొస్తే ఒక పాత కోక ఇచ్చేవాళ్లు. అందులోనే ముగ్గురూ బతికారు, బాగానే బతికారు.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఏటా రోహిణి కార్తె ఎండల్లో, వానలు రాకముందు, ప్రతి ఇంటి యజమానీ తన మిద్దె మీద మూడు గంపలు పోయించేవాడు. తాత పేరు చెప్పి ఒక గంప. తండ్రి పేరు చెప్పి ఒక గంప. తన పేరు చెప్పి ఒక గంప. పోయడమే గానీ తీయడమన్నది లేదు. మిద్దె మీది మట్టి దించితే పెద్దల్ని ఇంట్లోంచి గెంటినట్టే అని వాళ్ల నమ్మకం. అట్లా పోసీ పోసీ మడమలోతు మట్టి మోకాలిలోతైంది. మోకాలిలోతు మట్టి తొడలోతైంది. ఎవరి మిద్దె మందంగా ఉంటే వాళ్లది అంత పెద్ద వంశం. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు అబ్బాయి ముఖం తర్వాత చూసేవాళ్లు, ముందు నిచ్చెనెక్కి మిద్దె చూసేవాళ్లు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఊరందరి మిద్దెల మీదా చౌడు పోసే ఈరక్క తన మిద్దెను మరిచిపోతుందా? ఆమెది ఒంటి గది ఇల్లు. సన్నటి దూలం. రోజూ పని ముగిశాక గంపలో ఏం మిగిలితే అది తెచ్చి తన మిద్దె మీద గుమ్మరించేది. తేరగా వచ్చే మట్టిని వదులుకోవడమెందుకని ఆమె ఆలోచన. "మనింట్లో ఒక్క చుక్క పడకూడదు. పాప తడవకూడదు" అనేది మొగుడితో. నిజంగానే ఒక్క చుక్క పడేది కాదు. పెద్ద పెద్ద ఇళ్లు కారేవి, ఈరక్క ఇల్లు కారేది కాదు. దాన్ని చూసుకుని ఆమె పొంగిపోయేది.

ఒక ఏడు ముసురు పట్టింది. ముసురు పట్టిందంటే ఈరక్కకు ఊపిరాడదు. ఏ మిద్దె కారినా ఆమెకే కబురు. వానలోనే పైకెక్కి, నీళ్లు దిగే చోటు వెతికి, చౌడు వేసి మడమతో తొక్కాలి. ఆ పొద్దున ఎవరో పిలిస్తే గంపెత్తుకుంది. చిన్నక్క వెంట వస్తానని ఏడ్చింది.

"వానలో ఏంటికి పాపా. లోపల మీ నాయన పక్కన ఎచ్చగా పండుకో. మనిల్లు కారదు కదా" అని బిడ్డను లోపలికి తోసి తలుపు లాగింది.

తలుపు పడలేదు. నిన్నటిదాకా చక్కగా పడిన తలుపు. వానకు చెక్క ఉబ్బిందనుకుంది. కాలితో ఒక్క తన్ను తన్ని మూసి వెళ్లిపోయింది.

ఆమె వేరేవాళ్ల మిద్దె మీద ఉండగానే చప్పుడు వినబడింది. కిందికి దిగి పరుగెత్తుకుని వచ్చేసరికి తన ఇల్లు లేదు. ఇల్లున్న చోట మట్టిదిబ్బ ఉంది. లింగప్పనూ చిన్నక్కనూ బయటికి తీసేసరికి పొద్దు గుంకింది. పాప ఒంటి మీది గుడ్డ ఎక్కడా తడవలేదు. పడిన వానంతా పైనున్న మట్టే తాగింది. తాగి తాగి బరువెక్కి దూలాన్ని విరిచింది. ఒక్క చుక్క కిందికి దిగి ఉంటే వాళ్లకు అనుమానమొచ్చి బయటపడేవాళ్లేమో.

ఈరక్క ఏడవలేదని చెప్తారు. నేను నమ్మను. ఎవరూ చూడని చోట ఏడ్చి ఉంటుంది.

ఆ తర్వాత ఆమె ఏ కప్పు కిందా పడుకోలేదు. ఊరి బయట గడ్డివాము పక్కన పడుకునేది. చౌడు మోయడం మానేసింది. గంపా పారా మాత్రం వదల్లేదు. ఎండాకాలం వస్తే ఇంటింటికీ తిరిగేది.

"మీ మిద్దె మీద పాతమట్టి దించుతానమ్మా. కూలి వద్దు, గంజి వద్దు. పాతది దించి, ఆ మీదట కొత్తది పోసుకోండి. దించనియ్యండమ్మా."

మొదటి గడపలో రైతు నవ్వాడు. "నీ ఇల్లు కూలిందని ఊరంతా కూలుతాదా? నీది పుల్లలాంటి దూలం. మాది వేపమాను దూలం. తాత పోసిన మట్టి, తండ్రి పోసిన మట్టి, నేను పోసిన మట్టి. దించేది లేదు పో" అన్నాడు.

రెండో గడపలో ఇల్లాలు కసిరింది. "మొగున్నీ బిడ్డనూ మింగి, ఇప్పుడు మా పెద్దోళ్ల మీద పడినావా? తాత పోసిన మట్టి, తండ్రి పోసిన మట్టి, మా ఆయన పోసిన మట్టి. మా గడప తొక్కొద్దు" అని, ఈరక్క నిలబడిన చోట బిందెడు నీళ్లు గుమ్మరించి కడిగింది. ఆ నోటికి అంత మాట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూడో గడప పెద్దింటి బసమ్మది. ఊళ్లో అందరికన్నా మందమైన మిద్దె ఆమెదే. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. కొడుకు సిద్దప్ప, కోడలు నీలమ్మ ఆమెతోనే ఉండేవాళ్లు. బసమ్మ చెడ్డమనిషి కాదు. ఈరక్కను అరుగు మీద కూచోబెట్టింది. జొన్నరొట్టె పెట్టింది. తినేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"ఈరీ, నువ్వు చెప్పేది నాకు తెలీక కాదు. ఆ పైన ఉండేది ఒట్టి మట్టి కాదే. మా మామ పోసినాడు, మా ఆయన పోసినాడు. మా ఆయన ఆ మట్టి తొక్కతా ఉంటే నేను కిందినించి గంపలందించినా. ఆయనది ఇంకేముంది నా దగ్గర? అది దించమంటే నా చేతులాడవు."

ఈరక్క తలెత్తలేదు. "అవ్వా, నా బిడ్డ మీద నేనే పోసినా ఆ మట్టి" అంది.

బసమ్మ కళ్లొత్తుకుంది. కానీ మట్టి దించనివ్వలేదు.

ఒక ఎండాకాలం తిరిగింది ఈరక్క. రెండో ఎండాకాలం తిరిగింది. మూడో ఎండాకాలమూ తిరిగింది. పిల్లలు పిచ్చి ఈరక్క అని వెంటపడి రాళ్లు విసిరారు. పెద్దలు చూసి ఊరుకున్నారు. ఏ ఒక్కరూ ఒక్క గంప దించనివ్వలేదు. పైగా ప్రతి ఎండాకాలమూ ఇంకో మూడు గంపలు పోసుకున్నారు. ఆ చౌడు మోయడానికి వేరే మనిషిని పెట్టుకున్నారు.

మూడో ఎండాకాలం ముగిశాక వాన వచ్చింది. అట్లాంటి వాన ఆ సీమ ఎరగదు. ఒక రోజు పడితే ఊరు సంబరపడింది. రెండో రోజు పడితే మంచిదే అనుకుంది. మూడో రోజు కూడా తెరిపివ్వకపోతే అందరూ మాట్లాడటం తగ్గించారు. పొయ్యిలు తడిసిపోయాయి. ఇళ్లు కారడం మొదలైంది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కారే చోట్ల పెట్టారు. గిన్నెలు చాలక తట్టలు పెట్టారు. చివరికి పెట్టడం మానేసి పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు.

బసమ్మ ఇల్లు మాత్రం కారలేదు. లోపలి గదిలో నీలమ్మ పచ్చి బాలింత. పొత్తిళ్లలో మగబిడ్డ. కుంపటి పెట్టుకుని వెచ్చగా ఉన్నారు. ఇరుగుపొరుగు వాళ్లు గొంగళ్లు కప్పుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, "అవ్వా, మీ ఇల్లు కారలేదంట కదా, ఈ పొద్దుకు ఉండనియ్యి" అన్నారు. బసమ్మ రమ్మంది. నడిమింట చాపలు పరిచింది. వచ్చినవాళ్లలో ఆ నవ్విన రైతూ ఉన్నాడు, ఆ గడప కడిగిన ఇల్లాలూ ఉంది. నడిమిల్లు నిండిపోయింది.

గడ్డివాము పక్కనున్న ఈరక్క ఇదంతా చూసింది. కారే ఇళ్లలోంచి కారని ఇంట్లోకి జనం పోతుంటే ఆమెకు కాళ్లు నిలవలేదు. పార పట్టుకుని వానలో వచ్చేసింది.

అప్పటికి పొద్దు ఇంకా ఉంది. సిద్దప్ప వాకిలి తలుపు మూయబోతున్నాడు. తలుపు పడటం లేదు. భుజం పెట్టి నెడుతున్నాడు.

ఈరక్క ఆ తలుపు చూసి ఆగిపోయింది. "సిద్దప్పా, ఈ తలుపు నిన్న పడిందా?" అని అడిగింది.

"పడింది. వానకు చెక్క ఉబ్బిందిలే" అన్నాడతను.

"చెక్క కాదు నాయనా. పైన దూలం కిందికి దిగింది, అది తలుపును నొక్కతాంది. నా తలుపు కూడా ఆ పొద్దు ఇట్లే బిగిసింది. నేను తన్ని మూసిపోయినా. అందర్నీ బయటికి పంపు."

లోపలినుంచి బసమ్మ వచ్చింది. "పచ్చి బాలింతను వానలోకి పంపాల్నా? బిడ్డ బతుకుతాడా? ఇల్లు కారితే కదా భయం. చూడు, ఒక్క చుక్క ల్యాదు" అంది.

"ఒక్క చుక్క లేదనే నా భయం. తడిస్తే ఆరతారవ్వా. పంపించు."

"పో ఈరీ."

"పంపించవ్వా."

"పోతావా, పోవా?"

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ బసమ్మ పొమ్మంది. లోపలున్నవాళ్లు, పిచ్చిదానితో మాటలేంటికి, తలుపు మూయండి, చలేస్తాంది అన్నారు.

ఈరక్క పక్కగోడకు నిచ్చెన వేసింది, ఎక్కింది. బాలింత ఉన్న గది ఎక్కడో చౌడు మోసినప్పటినుంచీ ఆమెకు తెలుసు. ఆ గది మీద మొదలుపెట్టింది. పారతో తీసి వీధిలోకి విసరడం, పారతో తీసి వీధిలోకి విసరడం. తడిసిన మట్టి ముద్దలు ముద్దలుగా కిందపడుతుంటే ఇంట్లోవాళ్లకు వినబడింది. బసమ్మ వానలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఒసేయ్, అది మా ఆయన పోసిన మట్టే. దించొద్దే. నీ చేతులు పడిపోను" అని గుండెలు బాదుకుంది.

ఈరక్క ఆగలేదు. ఆమెను లాగి కిందపడేద్దామని సిద్దప్ప నిచ్చెనెక్కాడు. నడిమిల్లు మీద ఒక కాలు పెట్టాడు. కాలు రాగిసంకటిలో దిగినట్టు పిక్కదాకా దిగిపోయింది. చుట్టూ నీళ్లు ఊరాయి. కింద ఎక్కడో దూలం కిర్రుమంది. అప్పుడు తెలిసింది అతనికి.

"నువ్వు రావొద్దు నాయనా. నీ బరువు ఆపదిది" అంది ఈరక్క. "దిగిపో. బిడ్డను తీసుకో. నేను తిండి లేని మనిషిని, నన్నింకొంచెంసేపు మోస్తాది."

సిద్దప్ప దిగాడు. కేకలు పెట్టాడు. చాపల మీదివాళ్లు తొక్కుకుంటూ, పడుతూ, పిల్లల్ని లాక్కుంటూ బయటికొచ్చారు. వానలో నిలబడ్డారు. అందరూ వచ్చారు, నీలమ్మ రాలేదు. లోపలి గది తలుపు బిగుసుకుపోయింది. లోపలినుంచి ఆమె లాగుతోంది, బయటినుంచి సిద్దప్ప నెడుతున్నాడు. కదల్లేదు. గొడ్డలి తెచ్చాడు. ఒక దెబ్బ వేశాడు. రెండో దెబ్బ వేశాడు. వేసిన ప్రతి దెబ్బకూ పైనుంచి దుమ్ము రాలింది. పైన పార చప్పుడు ఆగలేదు. ఆ చప్పుడు వినబడినంతసేపూ గది నిలబడుతుందని ధైర్యం తెచ్చుకున్నానని నీలమ్మ తర్వాత అందరికీ చెప్పింది.

మూడో దెబ్బకు తలుపు చీలింది. సిద్దప్ప బిడ్డను అందుకున్నాడు, పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. ఇంక నడిమిల్లు దాటాలి. అదే అసలు బరువున్న చోటు. వాళ్లు నడిమింట్లోకి వచ్చారని ఈరక్కకు గొడ్డలి చప్పుడు ఆగడంతో తెలిసింది. లోపలి గది మీద మట్టి చాలావరకు దిగిపోయింది. అక్కడే ఉంటే ఆమె బతికేది. ఉండలేదు. పార అవతల పడేసి, బోర్లా పడుకుని, పాకుతూ నడిమిల్లు మీదికి వచ్చింది. వాళ్లు ఎటు నడుస్తున్నారో అటువైపు మట్టిని రెండు చేతులతో తోసింది.

సిద్దప్ప, నీలమ్మ, బిడ్డ గడప దాటారు. వాళ్లు దాటారో లేదో దూలం విరిగింది. నడిమిల్లంతా కూలింది. ఈరక్క ఆ మట్టితోపాటు లోపలికి పోయింది.

అందరూ చేతులతో తవ్వారు. అందరికన్నా ముందు బసమ్మ తవ్వింది. గోళ్లు ఊడినా ఆపలేదు. ఏడుస్తూ, తిట్టుకుంటూ తవ్వింది. ఈరక్క దొరికేసరికి ప్రాణం లేదు. నోటినిండా మట్టి. బసమ్మ తన కొంగుతో ఆ మట్టి తీసింది, ముఖం కడిగింది. లోపలి గది మాత్రం గోడలతో, కప్పుతో, వెలుగుతున్న కుంపటితో అట్లాగే నిలబడి ఉంది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఊరంతా కదిలి ఈరక్కను మట్టిచేయడానికి తీసుకుపోయింది. లింగప్పనూ చిన్నక్కనూ పెట్టిన చోటే గుంత తీశారు. ఆ ఊళ్లో పోయినవాళ్ల మీద ప్రతి ఒక్కరూ మూడు పిడికిళ్ల మట్టి వేయాలి. ఆ రైతు వేశాడు, తల దించుకునే వేశాడు. ఆ ఇల్లాలు వేసింది. ఒక పిడికిలి వేశారు. రెండో పిడికిలి వేశారు. మూడో పిడికిలి ఎత్తేసరికి బసమ్మ అడ్డం పడింది.

"చాలు. ఇంక పోయొద్దండి. బతికినన్నాళ్లూ దించండి, దించండి అని తిరిగింది. ఒక్కరమన్నా దించినామా? ఇప్పుడు పోసేదానికి మాత్రం అందరమూ వచ్చినాం" అంది.

ఎవరి పిడికిలిలో మట్టి వాళ్లే పక్కకు వదిలేశారు. ఆమె మీద దిబ్బ ఎత్తలేదు. నేలకు సమంగా ఒక నాపబండ పరిచి వచ్చారు.

ఊరు అంతటితో మారిందనుకునేరు. మారలేదు. మళ్లీ ఎండాకాలం వస్తే నిచ్చెనలు వేసుకుని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దలు పోసిన మట్టి మీద పార వేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అప్పుడు బసమ్మ తనకు మిగిలిన ఆ ఒంటి గది మీదికి వణుక్కుంటూ ఎక్కింది. మొదటి గంప నింపింది. మొగుడి పేరు చెప్పింది. "నువ్వు పోసిన మట్టిని నేనే దించతాండా. కోపమొస్తే నన్ను కొట్టు, మనవడి మీద పడొద్దు" అని కిందికి గుమ్మరించింది. ఏమీ కాలేదు. ఆ మనవడు అరుగు మీద ఆడుకుంటున్నాడు. సాయంత్రానికి ఊళ్లో ప్రతి మిద్దె మీదా ఒక మనిషి ఉన్నాడు.

ఇప్పటికీ ఆ పక్కన మట్టి మిద్దెలున్న ఊళ్లలో వానలు రాకముందు పాతమట్టి దించకుండా కొత్త చౌడు పోయరు. దోనెలో చెత్త తీస్తారు. ముసురు పట్టినప్పుడు పొద్దునా సాయంత్రం తలుపు వేసి చూస్తారు. తలుపు బిగిస్తే ఇంకో మాట మాట్లాడకుండా బిడ్డల్నెత్తుకుని బయటికొస్తారు. పక్కింటివాళ్లు మా ఇల్లు కారదని గొప్ప చెప్పుకుంటే, పైకెక్కి చూసుకోండి అంటారు.

ఇవన్నీ తమ ఇళ్ల కోసం చేసుకునేవి. ఆమె కోసం చేసేది ఒకటుంది. రోహిణి కార్తెలో, ఎవరూ తమ మిద్దె ఎక్కకముందే, ఆడవాళ్లు చీపుర్లు తీసుకుని ఆ నాపబండ దగ్గరికి పోతారు. ఏడాదంతా గాలికి దాని మీద దుమ్ము చేరి ఉంటుంది. పూలు వేయరు, పసుపు పెట్టరు, ఏమీ పెట్టరు. రవ్వంత మట్టి కూడా లేకుండా ఊడ్చేస్తారు. ఊడ్చి, వంగి, నిద్రపోయే మనిషితో చెప్పినట్టు మెల్లగా చెప్తారు.

"ఈరక్కా, నీ మీద ఏం బరువు లేదు. పండుకో."